అందరికీ తెలిసిన ముగింపు, నాలుగు నిమిషాల వరద

ప్రశ్న:

నమస్కారమండీ. నేను ఎడిటర్‌ని. మూడేళ్ళ క్రితం ఐదుగురు ఫ్రెండ్స్‌మి కలిసి 22 నిమిషాల ఫాంటసీ షార్ట్ ఫిల్మ్ ఒకటి తీశాం. నీళ్ళ అడుగున మునిగిపోయిన కోట, గట్టు మీద ఒంటరిగా కాపలా కాసే ఒక ముసలావిడ. ఆవిడకి కుడిచెయ్యి మణికట్టు దగ్గర్నుంచి ఉండదు. జుట్టు ఎప్పుడూ విరబోసుకునే ఉంటుంది. చూడ్డానికి బావుంటుందని అలా పెట్టాం, అంతే. "ఈ కోటని ముంచింది నీళ్ళు కాదు, మనుషులు" అని ఆవిడ ఒకచోట అంటుంది. చూసినవాళ్ళందరికీ ఆ డైలాగే గుర్తుండిపోయింది.

ఇప్పుడు దానికి ప్రీక్వెల్ తీస్తున్నాం, 40 నిమిషాలు. కోట ఎలా మునిగింది, ఆవిడ చెయ్యి ఎలా పోయింది అన్నదే కథ. ఒక మాంత్రికుడు పగబట్టి కోట ఎగువనున్న ఆనకట్ట తూము తెరిచేస్తాడు. వరద వస్తుంది. తూము గొలుసులో ఇరుక్కుని ఆమె చెయ్యి పోతుంది. మా టీమ్‌లో గ్రాఫిక్స్ చేసే ఫ్రెండ్ ఎనిమిది నెలలు కూర్చుని నాలుగు నిమిషాల వరద సీన్ తయారుచేశాడు. నిజంగా చాలా బావుంది. కానీ రఫ్ కట్ పదిమందికి వేసి చూపిస్తే, వరద మొదలైన నిమిషానికే ఇద్దరు ఫోన్లు తీశారు. అయ్యాక అందరూ "గ్రాఫిక్స్ అదిరాయి" అన్నారు. కథ గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

ముగింపు అందరికీ ముందే తెలిసినప్పుడు టెన్షన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? వరద తగ్గిద్దామంటే వాడు బాధపడతాడు. పాత సినిమాలో మా కోట థర్మాకోల్‌తో చేసిన చిన్న మోడల్. ఇప్పుడు కంప్యూటర్‌లో ధగధగలాడిపోతోంది. రెండూ ఒకే కోటలా లేవు. ఇంకో అనుమానం: పాత నటినే కంప్యూటర్‌తో వయసు తగ్గించి చూపిద్దామా, వేరే అమ్మాయిని పెడదామా?

– ఒక ఎడిటర్

జవాబు:

ఫోన్లు తీసిన ఆ ఇద్దరికీ మీరు రుణపడి ఉన్నారు. మిగతా ఎనిమిదిమంది మర్యాదస్తులు, అంతే తేడా. కచేరీ అయ్యాక ఎవరైనా వచ్చి "మైకు భలే పనిచేసిందండీ" అంటే పాడినావిడకి ఎలా ఉంటుందో, "గ్రాఫిక్స్ అదిరాయి" అన్నమాట మీకు అలా తగిలి ఉంటుంది. మైకుది తప్పేం లేదు. పాపం అది బాగానే పనిచేసింది.

నేను రాతలోకి రాకముందు కొన్నేళ్ళు కంపోజిటింగ్, అంటే విడివిడిగా తీసిన బొమ్మల్ని ఒకే షాట్‌గా కలిపే పని, చేశాను. ఒక సినిమాకి, పేరెందుకు లెండి, పూర్వకథ భాగంలో నగరం తగలబడే సీన్ ఉంది. మా గదిలో ఉన్నవాళ్ళమందరం నెలల తరబడి దాని మీదే ఉన్నాం. పొగ మీద పొగ, నిప్పురవ్వలు, కూలే బురుజులు. రిలీజ్ రోజు నేను తెర వైపు చూడలేదు, జనం వైపు చూశాను. నగరం భగభగ మండుతుంటే నా వెనక వరసలో ఒకాయన పక్కాయనతో బండి ఎక్కడ పెట్టాడో చెప్తున్నాడు. హాలంతా కిక్కురుమనకుండా అయిపోయింది ఇంకోచోట. రాజు ఒక ఉత్తరం చదివి, ఏమీ అనకుండా మడతపెట్టి దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు, అక్కడ. ఆ షాట్‌లో నేను చేసిందల్లా వెనక అద్దంలో కనపడుతున్న లైట్ స్టాండ్‌ని చెరపడం. ఒక్క పూట పని.

తర్వాత చాలారోజులు దాని గురించి ఆలోచించాను. నగరం తగలబడిపోయిందని మొదటి భాగంలోనే చెప్పేశారు. కాబట్టి మంటలు జనానికి వార్త కాదు. ఆ సంగతి రాజుకి ముందే తెలుసని, తెలిసీ పడుకున్నాడని మాత్రం అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ముగింపు తెలిస్తే టెన్షన్ ఉండదని ఎవరు మొదలుపెట్టారో గానీ, మనం చిన్నప్పట్నుంచి విన్న కథలు ఆ లెక్కన నడవలేదు. అభిమన్యుడు పద్మవ్యూహంలోకి వెళ్తున్నాడంటే తిరిగి రాడని వినే ప్రతివాడికీ తెలుసు. అయినా వింటాం. లోపలికి వెళ్ళడం తెలుసు, బయటికి రావడం తెలీదు అని ఆ కుర్రాడు తనే ధర్మరాజుతో చెప్తాడు చూడండి, ప్రాణం ఉసూరుమనేది అక్కడ. చావు దగ్గర కాదు. చావు మనకి ఎప్పుడో తెలుసు. ఆ మాట విన్నాక కూడా ధర్మరాజు పంపించాడన్నది తలుచుకున్నప్పుడల్లా కొత్తగానే ఉంటుంది.

భీష్ముడి సంగతి మీ కథకి ఇంకా దగ్గర. శిఖండి ఎదురుగా నిలబడగానే ఆయన విల్లు దించేస్తాడు. అంబ కథ తెలియనివాడికి అదేదో యుద్ధంలో ఒక ఎత్తుగడ. తెలిసినవాడికి, ఒక ఆడది జన్మ మార్చుకుని మరీ తీర్చుకున్న బాకీ. జరిగింది అదే, అర్థం మాత్రం తలకిందులైపోయింది. ప్రీక్వెల్‌కి ఉన్న అసలు పని ఇదొక్కటేనని నా గట్టి నమ్మకం. చూసి ఇంటికెళ్ళినవాడు పాత సినిమా మళ్ళీ వేసుకుంటే, అందులో ఒక్క ఫ్రేము మారకపోయినా అది వేరే సినిమాలా కనపడాలి. అది జరక్కపోతే మీరు తీసింది మొదటి సినిమాకి పెద్ద ఫుట్‌నోట్.

2015లో బాహుబలి మొదటి భాగం చివర కట్టప్ప కత్తి దిగింది. 2017 దాకా జనం అడిగిందల్లా "ఎందుకు" అనే. రెండో భాగంలో చాలా ముక్క నిజానికి పూర్వకథే. అమరేంద్ర బాహుబలి బతకడని తెలిసే అందరూ హాల్లోకి వెళ్ళారు. ఆ "ఎందుకు"కి జవాబు ఏ శాపమో మాయో అయ్యుంటే రెండేళ్ళ ఎదురుచూపు నీరుగారిపోయేది. పెంచిన తల్లి ఇచ్చిన ఆజ్ఞ, దాన్ని దాటలేని ఒక బానిస. ఇద్దరు మనుషులు చేసిన పని కాబట్టే నిలబడింది.

గ్రాఫిక్స్ విషయంలో నేను ఎప్పుడూ చెప్పే సీన్ ఇంకొకటుంది. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సినిమాలకి పూర్వకథగా 2012లో వచ్చిన మొదటి హాబిట్ సినిమాలో గుహలో పొడుపుకథల పోటీ. ఒక పక్క బిల్బో అనే బుల్లి మనిషి, ఇంకో పక్క గోలమ్. గోలమ్ పూర్తిగా కంప్యూటర్‌లో చేసిన బొమ్మే. కానీ తీసేటప్పుడు గోలమ్‌గా చేసిన ఆండీ సెర్కిస్, బిల్బోగా చేసిన మార్టిన్ ఫ్రీమన్ నిజంగా ఎదురెదురుగా ఉండి, నాటకం ఆడినట్టు ఆడారు. చివర్లో బిల్బో, గోలమ్ పోగొట్టుకోగా తనకి దొరికిన మాయ ఉంగరం పెట్టుకుని మాయమైపోయి గోలమ్ మెడ దగ్గర కత్తి పెడతాడు. దారికి అడ్డంగా ఉన్నాడు, పొడిస్తే తప్పించుకోవచ్చు. అప్పుడు కెమెరా గోలమ్ ముఖం మీద ఆగుతుంది. ఉన్న ఒక్కటీ పోగొట్టుకున్నవాడి ముఖం. ఎదురుగా ఎవరున్నారో కనపడక చూపు ఎక్కడెక్కడో వెతుకుతుంటుంది. బిల్బో కత్తి దించేస్తాడు. దానికి పదేళ్ళ ముందు వచ్చిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సినిమాలు చూసినవాడికి తెలుసు, ఆ పూట గోలమ్ చచ్చిపోయి ఉంటే ఆఖర్న ఆ చెడ్డ ఉంగరం అగ్నిపర్వతంలో పడి నాశనమయ్యేదే కాదని. బిల్బోకి తెలీదు. మనకి తెలిసింది, వాడికి తెలియంది, ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలో టెన్షన్ ఉంది. అక్కడ ఏ కోటా కూలలేదు.

ఇప్పుడు మీ మాంత్రికుడి దగ్గరికి రండి. "ముంచింది మనుషులు" అని ఆవిడ అంది. మాంత్రికుడు అనలేదు. ఆ మాటకి సమాధానంగా గడ్డపాయనొకణ్ణి తీసుకొచ్చి నిలబెడితే డైలాగ్ చిన్నదైపోతుంది. నేనైతే అతన్ని తీసేస్తాను. దాంతోపాటు అతని చేతుల్లోంచి వచ్చే నీలం మెరుపులు కూడా పోతాయి. (మీరు రాయలేదు గానీ నీలం మెరుపులు ఉండే ఉంటాయి. ఎప్పుడూ ఉంటాయి.)

తూము ఆమే తెరిచి ఉంటే? ఎగువన ఆనకట్ట తెగేలా ఉంది. తెగితే దిగువనున్న ఊళ్ళన్నీ కొట్టుకుపోతాయి. కోట వైపు తూము ఎత్తేస్తే నీళ్ళు కోటలోకి మళ్ళుతాయి, ఊళ్ళు బతుకుతాయి. తూము గది తాళం ఆమె మొలలో ఉంది. కోటలో ఇంకా కొంతమంది ఉన్నారు. ఎవరన్నది మీ ఇష్టం, ఆమెకి పేరు తెలిసినవాళ్ళయితే చాలు. ఇలా మారిస్తే పాత సినిమాలో "మనుషులు" అన్న మాటలో ఆవిడ "నేను" అన్న మాటని ఇన్నేళ్ళూ దాచుకుని ఉందన్నమాట. కాపలా అనుకున్నది కాపలా కాదు, తనకి తనే వేసుకున్న శిక్ష. పాత సినిమా మీద ఒక్క కట్ కూడా పెట్టక్కర్లేదు. ఇంతకంటే మంచి ఆలోచన మీకు తట్టొచ్చు, తట్టాలి కూడా. కానీ ఏది తట్టినా ఆ డైలాగ్‌కి ఇంకో అర్థం పుట్టించేదై ఉండాలి.

ఇక వరద.

హాబిట్ పుస్తకంలో ఆఖరి యుద్ధం జోరుగా సాగుతుండగా బిల్బో తలకి ఒక రాయి తగిలి స్పృహ తప్పుతుంది. మెలకువ వచ్చేసరికి యుద్ధం అయిపోయి ఉంటుంది. ఎవరు గెలిచారు, ఎలా గెలిచారు అన్నది తర్వాత ఎవరో చెప్తేనే తెలుస్తుంది. కథ బిల్బోది, అతను చూడనిది మనమూ చూడం. ఆ సన్నటి పుస్తకాన్ని మొదట రెండు సినిమాలు చేద్దామనుకుని, 2012లో మూడు చేస్తున్నామన్నారు. 2014లో వచ్చిన మూడో సినిమాలో ఆ యుద్ధం దాదాపు ముప్పావు గంట. అందులో ఏ షాట్‌కి ఆ షాట్ చూస్తే పనితనం గొప్పది. నేను రెండోసారి చూసినప్పుడు మధ్యలో లేచి మంచినీళ్ళు తాగొచ్చాను, ఏమీ మిస్సవలేదు.

మీ వరదకి కూడా ఒక కన్ను కావాలి. ఆ నాలుగు నిమిషాలూ టైమ్‌లైన్ మీద పరుచుకుని ప్రతి షాట్ కింద ఒక పేరు రాయండి. దీన్ని ఎవరు చూస్తున్నారు? పేరు దొరకని షాట్లన్నీ మీ ఫ్రెండ్ షోరీల్‌కి, అంటే తన పని చూపించుకునే వీడియోకి, పనికొస్తాయి. కోట చుట్టూ గద్దలా తిరిగే కెమెరా ఒకటుంటుంది కదా, దానికి పేరు దొరకదు. పాత సినిమాలో మీ కెమెరా గట్టు మీద మనిషి భుజం ఎత్తులో నిలబడి ఉండి ఉంటుంది, ఎందుకంటే మీ దగ్గర ఇంకో దారి లేదు. ఆ లేమి వల్లే అది నిజంగా అక్కడుండి చూసినట్టు అనిపించింది. ఇప్పుడు దారి దొరికింది కదా అని ఎగరకండి.

ఆమె తూము గదిలో ఉంది. లోపల్నుంచి గడియ వేసుకుంది. వరద ఆమెకి కనపడదు. మొదట తలుపు కింద సన్నగా ఒక తడి గీత. తర్వాత ఎండు చెక్క నారల వెంట ఆ తడి మెల్లగా పైకి పాకుతుంది, పాకినంత మేరా చెక్క నల్లబడుతుంది. గడియ కటకటమంటుంది. అవతల తలుపు కొట్టిన చప్పుడు. కొట్టింది నీళ్ళా, మనిషా? ఆమె కుడిచెయ్యి గొలుసు మీదుంది. వదిలేస్తే తూము మూసుకుపోతుంది. ఇదంతా ఒక చెక్క తలుపు, రెండు బకెట్ల నీళ్ళు, మంచి సౌండ్ చేసే మనిషి ఉంటే తీయొచ్చు. దీని తర్వాత ఒకే ఒక్క వైడ్ షాట్, 11 సెకన్లనుకోండి. గట్టు మీద నిలబడ్డ మనిషి ఎత్తులోంచి, కోట మొత్తం మునగడం. మీ ఫ్రెండ్ చేసినవాటిలో అన్నిటికంటే మంచిది అక్కడ పెట్టండి. అప్పుడు ఎవరూ ఫోన్ తీయరు.

ఆ 11 సెకన్ల గురించి ఒక టెక్నికల్ మాట, ఇది మీ ఫ్రెండ్‌కి చూపించండి. గ్రాఫిక్స్‌లో నీళ్ళు అబద్ధంలా అనిపించేది ఎక్కువగా రంగు వల్ల కాదు, వేగం వల్ల. పెద్ద వస్తువు పడడానికి టైమ్ పడుతుంది. 20 మీటర్ల గోడ మీంచి నీళ్ళు కిందికి చేరడానికి సుమారు 2 సెకన్లు, అంటే 24 ఫ్రేముల లెక్కన 48 ఫ్రేములు. మీ షాట్‌లో 20 ఫ్రేములకే కింద పడుతుంటే కోట ఎంత పెద్దగా కట్టినా చూసేవాడి కంటికి అది బొమ్మ కోటే. మినియేచర్లు, అంటే చిన్న మోడళ్ళు, తీసేవాళ్ళు ఈ లెక్క ఎప్పట్నుంచో వాడుతున్నారు. మోడల్ ఎన్నో వంతు ఉంటే దాని వర్గమూలమంత వేగంగా కెమెరా తిప్పాలి. తొమ్మిదో వంతు మోడలైతే మూడు రెట్లు, అంటే సెకనుకి 72 ఫ్రేములు. అంత చేసినా నీళ్ళతో ఒక చిక్కుంది. కోటని చిన్నది చేయొచ్చు గానీ నీటిచుక్కని చిన్నది చేయలేం. గోడంత చుక్కలు ఎగిరితే గుట్టు బయటపడుతుంది. అందుకే మోడల్‌తో పోలిస్తే కంప్యూటర్ నీళ్ళకి ఇక్కడ నిజంగా ఒక మేలుంది, తుంపర సన్నగా ఉంచుకోవచ్చు. ఉంచమనండి.

వరద తగ్గిద్దామంటే మీ ఫ్రెండ్ బాధపడతాడన్నారు. మొదట మీ స్క్రిప్టు తీసి చూసుకోండి. అక్కడ "వరద వస్తుంది" అని రెండు పదాలు రాసి ఇచ్చి ఉంటారు. పందెం కట్టమన్నా కడతాను. ఆ రెండు పదాల ఖాళీని అతను ఒక్కడే ఎనిమిది నెలలు కూర్చుని నింపాడు. ఆమె గొలుసు ఎందుకు వదల్లేదో మీరు రాసి ఉంటే ఆ గొలుసు మీద పనిచేసేవాడు. కాబట్టి "నువ్వు ఎక్కువ చేశావు" అని మొదలుపెట్టకండి, "నేను తక్కువ రాశాను" అనండి. అది నిజం కూడా. మంచి గ్రాఫిక్స్ చేసేవాళ్ళకి నాలుగు నిమిషాల్లో మూడున్నరకి పైగా పోయాయన్న బాధ కంటే, మిగిలిన షాట్ దగ్గర హాలు గడ్డకట్టుకుపోయిందన్న సంతోషం ఎక్కువ కాలం నిలుస్తుంది. 2005లో వచ్చిన స్టార్ వార్స్ ప్రీక్వెల్లో లావా గ్రహం మీద కత్తియుద్ధం ఉంది కదా. దానికి కంప్యూటర్ పని సరే, మినియేచర్ మీద చిక్కటి జిగురు ద్రవం పారించి కింద నుంచి లైట్లు వేశారు, ఎట్నా అగ్నిపర్వతం నిజంగా బద్దలైనప్పటి దృశ్యాలు కూడా కలిపారు. అంత చేసిన సినిమాలో నాకు నిలిచిపోయింది ఆఖర్న నల్ల ముసుగు కిందికి దిగే షాట్. ముసుగు లోపలి వైపు నుంచి, ఆ ముసుగు తొడిగించుకుంటున్న కుర్రాడి కళ్ళలోంచి చూపిస్తారు. అతను డార్త్ వేడర్ అనే విలన్ అవుతాడని లోకమంతటికీ తెలుసు. లోపల్నుంచి ఎలా ఉంటుందో అప్పటిదాకా తెలీదు.

కోట మెరుపు సంగతి. ఈ చిక్కు మీ ఒక్కరిదే కాదు, ప్రీక్వెల్ తీసే ప్రతివాళ్ళదీ. కథలో కాలం వెనక్కి వెళ్తుంది, పనిముట్లు ముందుకి వెళ్తాయి. లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో ఓర్క్‌లు అనే రాక్షసుల్లో చాలామంది మేకప్ వేసుకున్న మనుషులు. హాబిట్‌లో ముఖ్యమైన ఓర్క్ విలన్ కంప్యూటర్ బొమ్మ. ఒకే లోకం అంటే కన్ను ఒప్పుకోదు. పైగా ఆ సినిమాలని మామూలుగా ఉండే 24 ఫ్రేములకి బదులు 48తో, త్రీడీలో తీశారు. కదిలేటప్పుడు ఉండే మసక తగ్గి బొమ్మ తేటపడింది. తేటపడేసరికి చాలామందికి మేకప్ మేకప్‌లాగా, సెట్టు సెట్టులాగా కనపడింది. కథలోకి లాక్కెళ్ళే మసక ఒకటుంటుందని అప్పుడు తెలిసొచ్చింది.

మీ అదృష్టం, మీ కథలో కోట అప్పటికి కొత్తది. మెరవొచ్చు. కానీ ఎలా మెరుస్తోందన్నది చూసుకోండి. పాత మోడల్ అటక మీద ఉంటే కిందికి దించండి. థర్మాకోల్ కోసినప్పుడు ఎక్కడో ఒక బురుజు వంకరగా వచ్చి ఉంటుంది, ఒక తోరణం రెండో దానికంటే లావుగా ఉండి ఉంటుంది. అవి తప్పులు కావు ఇప్పుడు, ఆ కోటకి పుట్టుమచ్చలు. కంప్యూటర్ కోటలో అవే వంకర్లు అచ్చంగా పెట్టమనండి. రంగు, సున్నం కొత్తగా ఉన్నా ఆకారం అదే అయితే మనసు పట్టేస్తుంది. లెన్స్ కూడా పాత సినిమాలో ఏది వాడారో దానికి దగ్గరది వాడండి. పాత ఫుటేజ్‌లో ఎంత నాయిస్ (బొమ్మ మీద కనిపించే చుక్కల గరుకు) ఉందో అంత దీంట్లోనూ కలపండి. నలుపు మరీ కారు నలుపుగా ఉండనివ్వకండి. ఇవి చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

పాత సినిమాకి వెళ్ళి థర్మాకోల్ కోటని కొత్తదానితో మార్చేద్దామన్న ఆలోచన వస్తుంది. రావడమేంటి, ఈపాటికి వచ్చే ఉంటుంది. 1999 నాటి స్టార్ వార్స్ ప్రీక్వెల్లో యోడా అనే బుల్లి గురువు తోలుబొమ్మలా చేత్తో ఆడించిన బొమ్మ. తర్వాతి సినిమాల్లో కంప్యూటర్ యోడా వచ్చాడు కాబట్టి 2011 బ్లూ-రేలో వెనక్కెళ్ళి ఆ బొమ్మని కూడా మార్చేశారు. నాకు నచ్చలేదు. రాసేవాళ్ళు మాత్రం ఈ పని చేసి ఒప్పించారు. హాబిట్ పుస్తకం 1937లో మొదటిసారి వచ్చినప్పుడు గోలమ్ తన ఉంగరాన్ని పందెంగా ఒడ్డుతాడు, గొడవేం లేదు. తర్వాత లార్డ్ ఆఫ్ ద రింగ్స్ అనే పెద్ద కథ రాస్తూ ఆ ఉంగరం ఎవరూ వదులుకోలేనిది అయ్యేసరికి, రచయిత 1951 ముద్రణలో ఆ అధ్యాయాన్ని తిరగరాశాడు. తేడా చూడండి. అక్కడ మారింది ఒక మనిషి ఒక వస్తువుకి ఎంత అంటిపెట్టుకుని ఉన్నాడన్నది. యోడా విషయంలో మారింది చర్మం.

నటి సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. వేరే అమ్మాయిని పెట్టండి. మనిషిలా ఉండీ ఉండనట్టున్న ముఖాన్ని చూస్తే ఎందుకో ఒళ్ళు జలదరిస్తుందని జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే రాశాడు. చేతినిండా వనరులున్నవాళ్ళు చేసినా కళ్ళ దగ్గర, పెదవి మూల దగ్గర ఆ జలదరింపు పూర్తిగా పోదు. 2016లో రోగ్ వన్ అనే స్టార్ వార్స్ సినిమా కోసం, 1994లో చనిపోయిన నటుడు పీటర్ కుషింగ్ ముఖాన్ని మళ్ళీ తయారుచేశారు. అంత పనితనం చూస్తూ కూడా కథ వినడం మానేసి బుగ్గల వైపే చూస్తూ కూర్చున్నవాళ్ళలో నేనొకణ్ణి. కొత్తమ్మాయి పోలికలు కలవకపోయినా పర్లేదు. ముసలావిడ కూర్చునేటప్పుడు మోకాలి మీద చెయ్యి ఎలా వేస్తుందో, మాట మొదలుపెట్టే ముందు ఎటు చూస్తుందో పాత సినిమా వేసి నేర్పండి.

ఇంకొకటి, ఆ అమ్మాయిని ఒట్టి గ్రీన్ మ్యాట్ ముందు నిలబెట్టి "నీళ్ళొస్తున్నాయి, భయపడు" అనకండి. హాబిట్ త్రీడీలో తీశారు కాబట్టి, మనుషుల్ని దగ్గరా దూరంగా నిలబెట్టి పొడుగూ పొట్టీగా చూపించే పాత కిటుకు పనిచేయలేదు. మరుగుజ్జుల పాత్రధారులు ఒకచోట, పొడుగాటి మాంత్రికుడిగా చేసిన ఇయాన్ మెకెల్లన్ ఇంకోచోట. అంత పెద్ద నటుడు ఆకుపచ్చ గదిలో ఒంటరిగా, ఫోటోలు అతికించిన కడ్డీలతో మాట్లాడుతూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది, 2013లో, ఆజ్ (Oz) అనే మాయలోకపు కథకి వచ్చిన ప్రీక్వెల్లో పింగాణీ బొమ్మ పిల్ల ఉంటుంది. తెర మీద కనిపించేది కంప్యూటర్ బొమ్మే అయినా సెట్లో నిజం బొమ్మని తీగలతో ఆడించారు, ఎదుటి నటుడికి చూసి మాట్లాడ్డానికి ఒకటుండాలని. మీ అమ్మాయి కాళ్ళ మీదికి నిజం నీళ్ళు, చల్లటివి, చెప్పకుండా వదలండి. వైడ్ షాట్లో నీళ్ళు అబద్ధమైనా ఆ ఉలికిపాటు నిజమవుతుంది.

చివరికి ఆ జుట్టు. చూడ్డానికి బావుంటుందని విరబోశామని రాశారు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం అదే, ఎందుకంటే మీ ప్రీక్వెల్ అక్కడ దొరుకుతోంది. ఆమెకి కుడిచెయ్యి పోతుందని మనకి మొదటి నిమిషం నుంచీ తెలుసు. అంటే ఆ చెయ్యి ఏం చేసినా చూస్తాం. తాళం తిప్పినా, దీపం వత్తి ఎగదోసినా. సినిమా మొదట్లో ఆమె గట్టు మీద కూర్చుని, ఎవరితోనో కబుర్లాడుతూ, చూసుకోకుండానే చకచకా జడ అల్లుకోనివ్వండి. రెండు చేతులూ అలవాటుగా ఆడతాయి. ఎవరూ ఆ జడ గురించి మాట్లాడకూడదు.

ఆఖరి షాట్: వరద అయిపోయింది, చేతికి కట్టు, అదే గట్టు. ఎడంచేత్తో పాయలు తీసుకుంటుంది. రెండు పాయలు పట్టుకోగలిగింది, మూడోది జారిపోయింది. ఇంకోసారి ప్రయత్నిస్తుంది. తర్వాత వదిలేస్తుంది.

దీనికి మీ ఫ్రెండ్ కావాలి, వరద కంటే ఎక్కువగా కావాలి, ఎందుకంటే ఆ అమ్మాయికి రెండు చేతులూ ఉన్నాయి. కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టండి. ఆమె లేచి వెళ్ళిపోయాక అదే వెలుతురులో ఖాళీ ఫ్రేము ఒక నిమిషం తీసుకోండి, చెయ్యి చెరిపిన చోట నింపడానికి ఆ క్లీన్ ప్లేట్ లేకపోతే అతను మిమ్మల్ని జన్మలో క్షమించడు. కుడి మణికట్టు దగ్గర కట్టు మీద ట్రాకింగ్‌కి, అంటే చెయ్యి కదలికని కంప్యూటర్ పట్టుకోడానికి, రెండు చుక్కలు పెట్టండి. ఆకుపచ్చ గ్లౌజు మాత్రం వద్దు, ఆ రంగు మెడ మీదా జుట్టు మీదా పడి నానా తంటా అవుతుంది. జుట్టు మొత్తం ఎడమ భుజం మీదికి తెచ్చుకోమనండి. ఒక్క వెంట్రుక కుడిచేతికి అడ్డం వచ్చినా రోటో చేసేవాడికి, అంటే ఫ్రేము ఫ్రేముకీ అంచులు గీసేవాడికి, అదో వారం.